ఇద్దరు మిత్రులు, ఒక ధాన్య శాసనము

అర్థశాస్త్రమనగానే అంకెలు, పట్టికలు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని ఆ శాస్త్రమునకు పునాదులు వేసినవారు సామాన్యుని తిండి ధరను గూర్చియే తర్కించిరి. మాల్థస్, రికార్డోల మధ్య జరిగిన వాదము అట్టిది.

నెపోలియనుతో యుద్ధము ముగియు రోజులలో ఇంగ్లండున ధాన్యపు ధర పడిపోయెను. భూస్వాములకు ప్రాబల్యముగల పార్లమెంటు 1815లో ఒక శాసనము చేసెను. స్వదేశపు గోధుమల ధర క్వార్టరు అను కొలతకు 80 షిల్లింగులు చేరువరకు విదేశపు గోధుమలు అమ్మకమునకు రాగూడదని దాని సారాంశము. రొట్టె ప్రియమగునని లండను ప్రజలు వీథులలో అల్లరి చేసిరి.

మాల్థస్ క్రైస్తవ మతాచార్యుడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులై మన దేశమునకు రాబోవు యువకులకు హెయిలీబరీ కళాశాలలో అర్థశాస్త్రము బోధించెను. తిండిగింజలకై పరదేశములపై ఆధారపడుట అపాయకరమని తలచి, ఆయన దిగుమతులపై కట్టుబాటును సమర్థించెను.

రికార్డో షేర్ల వ్యాపారమున ధనమార్జించినవాడు. ఆయన వాదము వేరు. జనము పెరిగినకొలది సారము తక్కువైన నేలలు కూడ సాగులోనికి వచ్చును. అందుచే ధాన్యము ప్రియమగును, మంచి నేల గలవారికి కౌలు పెరుగును. కూలివాని తిండి ఖర్చు హెచ్చుటచే కూలియు పెంచవలసివచ్చి పరిశ్రమల లాభము తగ్గును. కావున విదేశ ధాన్యమును రానిండని ఆయన కోరెను.

ఇందొక విశేషము కలదు. రికార్డో 1814లో గాట్‌కూంబ్ ఎస్టేటును కొని తానే భూస్వామి అయ్యెను. మాల్థస్‌కో, కౌలు రాబడి లేదు. ఇరువురును తమ స్వలాభమును చూచుకొనక, తాము నమ్మినదానినే చెప్పిరి.

1811లో మొదలైన వీరి స్నేహము ఈ వాదములచే చెడలేదు. పన్నెండేండ్లు ఉత్తరములలో తర్కించుకొనిరి. 1823లో రికార్డో మరణించుటకు కొద్ది రోజుల ముందు వ్రాసిన లేఖలో కూడ వాదమును విడువలేదు, స్నేహమును విడువలేదు.

ధాన్య శాసనముల రద్దుకు 1846లో పార్లమెంటు అంగీకరించెను. అప్పటికి మాల్థస్ కూడ గతించి పదునొకండేండ్లు దాటినది. శాసనము పోయినను ప్రశ్న పోలేదు. పండించువానికి గిట్టుబాటు కావలెను, కొనువానికి చౌక కావలెను. ఈ రెంటిని పొసగించుట నేటికిని ప్రభుత్వములకు కష్టసాధ్యమే. ఆ చర్చకు కూర్చుండువారికి ఈ మిత్రుల సంయమనము ఆదర్శప్రాయము.