చౌకగా లభించిన వేగము

1964వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన, న్యూయార్కు ప్రపంచ ప్రదర్శన ప్రాంగణమున ఫోర్డు సంస్థవారు ఒక క్రొత్త కారును లోకమునకు చూపిరి. దాని పేరు మస్టాంగ్. అమెరికా పశ్చిమ మైదానములలో కట్టుబాటు లేక తిరుగాడు గుఱ్ఱమునకు ఆ పేరు. పొడవైన ముందుభాగము, కురుచయైన వెనుకభాగము, రెండే తలుపులు కలిగి, నిలిచియున్నను పరుగిడుచున్నట్లు తోచునది. ప్రారంభపు వెల 2,368 డాలర్లు. తొలినాడే 22,000 మంది దానిని కోరిరి. ఏడాది నిండునప్పటికి 4,18,000కు పైగా అమ్ముడుపోయినవి.

ఇట్టి కార్లకు అంతటి ఆదరణము ఎట్లు కలిగినది? పదేండ్లు తిరుగునప్పటికే వాని వైభవము ఏల అంతరించినది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వాని వెలలోనే కలదని మేము తలంచుచున్నాము.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికాలో జననములు విశేషముగా పెరిగినవి. 1946లో పుట్టిన శిశువు 1964నాటికి పదునెనిమిదేండ్ల యువకుడు. తండ్రి నడపు బరువైన కారు అతనికి రుచింపదు. ఐరోపానుండి వచ్చు క్రీడా వాహనము కొన శక్తి చాలదు. ఈ సంగతిని ఫోర్డు విభాగాధిపతి లీ అయకోకా గ్రహించెను. మస్టాంగ్‌ను పూర్తిగా క్రొత్తగా నిర్మింపక, అంతకుముందే తయారగుచున్న ఫాల్కన్ అను సామాన్యపు కారు భాగములనే అధికముగా వాడిరి. చౌకదనమునకు మూలమిదియే.

ఆ ఏటి నమూనాల విషయముననే జనరల్ మోటార్సునందు మఱియొక చిత్రము జరిగినది. మధ్యతరగతి పరిమాణముగల కార్లలో 330 ఘనపుటంగుళములను మించిన ఇంజను ఉండరాదని ఆ సంస్థ నియమము చేసికొనియుండెను. పాంటియాక్ విభాగపు ముఖ్య ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన సహచరులు ఈ నియమమునకు ఒక సందు కనిపెట్టిరి. నియమము కారు నమూనాకే గాని, కొనువాడు అదనముగా కోరుకొను అమరికలకు వర్తింపదు గదా! కనుక 389 ఘనపుటంగుళముల ఇంజనును, సుమారు 300 డాలర్లకు, జి.టి.ఓ. అను పేర అదనపు అమరికగా ఇచ్చిరి. ఐదువేలు అమ్ముడుపోయిన చాలుననుకొన్నవి ముప్పది రెండువేలు దాటినవి.

ఆ ఇంజను పరిమాణమును మన పాఠకులు ఊహించుకొనుటకు ఒక పోలిక చాలును. ఆ దశకమున మన రహదారులపై తిరిగిన అంబాసిడరు ఇంజను 1,489 ఘన సెంటీమీటర్లు. జి.టి.ఓ. ఇంజను దానికి నాలుగింతలకు మించినది; ప్రకటిత శక్తి 325 అశ్వశక్తులు. చిన్న దేహమున పెద్ద ఇంజను నిలిపిన ఇట్టి వానికే 'మజిల్ కార్లు', అనగా కండలు తిరిగిన కార్లు, అను పేరు స్థిరపడినది.

పిదప పోటీ ముదిరినది. 1966 సెప్టెంబరులో షెవ్రొలే కమారోయు, 1967 ఫిబ్రవరిలో పాంటియాక్ ఫైర్‌బర్డును వెలువడినవి. 1968 నమూనాగా వచ్చిన ప్లిమత్ రోడ్ రన్నర్‌లో ఆడంబరములన్నియు తీసివేసి, వెలను మూడువేల డాలర్లలోపు నిలిపిరి. కార్టూను చిత్రములలోని పక్షి పేరును, బొమ్మను సొమ్ము చెల్లించి తెచ్చుకొని, హారనును సయితము ఆ పక్షి కూత వలె అమర్చిరి. అదే సంవత్సరము 'బుల్లిట్' చలనచిత్రమున శాన్ ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లపు వీధులలో ఒక మస్టాంగ్ ఒక డాడ్జ్ చార్జరును తరిమినది. 1970 మార్చి 24న అలబామాలోని తాలడేగా పందెపుబాటపై బడ్డీ బేకర్ డాడ్జ్ డేటోనాను గంటకు 200 మైళ్ళకు మించిన వేగమున నడపెను.

అయితే, దుకాణమున వ్రాసిన వెలలో చేరని ఖర్చులు కొన్ని యుండెను. ఇంజను పెరిగినంతగా బ్రేకులు పెరుగలేదు. అనేక కార్లకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే సామాన్యముగా వచ్చెడివి. డిస్కు బ్రేకులకు వేఱుగా సొమ్మీయవలెను. అతివేగమున పలుమార్లు గట్టిగా నొక్కినచో డ్రమ్ము వేడెక్కి, పట్టు సడలును. పరుగు చౌకయే గాని, ఆగుట చౌక కాదు.

1966లో అమెరికా రహదారులపై మృతుల సంఖ్య 50,000 దాటినది. ఇందుకు ఈ కార్లే కారణమనుట న్యాయము కాదు. అన్ని తరగతుల వాహనములకును ఇందు భాగము కలదు. రాల్ఫ్ నాడర్ 1965లో ప్రకటించిన గ్రంథము నిర్మాతల ఉపేక్షను బయటపెట్టినది. మరుసటి యేడు వాహనభద్రతా చట్టము వచ్చినది. 1968 జనవరి 1 మొదలు క్రొత్త కార్లలో నడుముపట్టీలు తప్పనిసరి యైనవి.

తక్కిన బాకీలు తర్వాత వచ్చిపడినవి. యువకులు నడపు శక్తిమంతమైన కార్లపై బీమా సంస్థలు రుసుము పెంచినవి. 1970 నాటి వాయుశుద్ధి చట్టము కార్ల పొగలోని ప్రధాన విషవాయువులను నూటికి తొంబది పాళ్ళు తగ్గింపుమన్నది. గడువు తరువాత పొడిగింపబడినను, దారి మాత్రము నిర్ణయమైనది. సీసము తక్కువగల పెట్రోలుకు అనువుగా 1971 నమూనాలలో జనరల్ మోటార్సువారు ఇంజనులలోని సంపీడనమును తగ్గించిరి. దానితో శక్తియు తగ్గినది. అంతవఱకు శక్తిని కొలిచినది పంకా, పొగగొట్టము మున్నగునవి తగిలింపని ఇంజనుపైన. 1972నుండి వానితో కలిపి కొలువగా, అంకెలు మఱింత దిగినవి. 1973 అక్టోబరున అరబ్బు దేశములు చమురు నిలిపివేయగా, పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరినవి. అంతకు ముందు నెలలోనే వచ్చిన రెండవ మస్టాంగ్‌లో, తొలియేడు, ఎనిమిది సిలిండర్ల ఇంజనే లేదు.

వేగముపై మక్కువ దోషమని మేమనము. ఆ కార్లలో ఇంజనీర్ల నేర్పున్నది, ఒక తరము ఉత్సాహమున్నది. 'బుల్లిట్' చిత్రమున నడిచిన మస్టాంగ్ 2020 జనవరిలో వేలమునకు రాగా, 34 లక్షల డాలర్లకు పాట ముగిసినది. నాటి యువకుడు మూడువేలకు కొన్నదానిని నేడు ధనికులే కొనగలుగుచున్నారు. కాని ఆ యుగమున సామాన్యునకు దక్కిన నిజమైన ఆస్తి వేఱు. నడుముపట్టీ, డిస్కు బ్రేకు, సీసము లేని పెట్రోలు నేడు సాధారణపు కారులోను కానవచ్చుచున్నవి. వస్తువు చౌకగా లభించినపుడు తక్కిన వెలను ఎవరు చెల్లించుచున్నారో అడిగినవారి పట్టుదల వలననే ఇవి మనకు దక్కినవి.