ఆరోగ్యవరం: విశ్రాంతే వైద్యమైన కాలం

క్షయకు మందు లేని రోజుల్లో, రోగులను ఊరికి దూరంగా, గాలీ వెలుతురూ ధారాళంగా ఉన్నచోట నెలల తరబడి ఉంచి చూసుకునే చికిత్సాలయాన్ని శానటోరియం అనేవారు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన అటువంటి సంస్థకు డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ తొలి సారథి.

శానటోరియం వైద్యానికి ఆయువుపట్టు విశ్రాంతి. జ్వరం ఉన్నంతకాలం రోగి మంచం దిగకూడదు. ఒంటి వేడి, నాడి నిలకడగా ఉన్నాయని రోజువారీ పట్టికలో తేలాకనే కొద్దిపాటి నడకకు అనుమతి దొరికేది. ఇంగ్లండులోని ఫ్రిమ్లీలో మార్కస్ పాటర్సన్ రూపొందించిన క్రమశ్రమ, అంటే దేహం తట్టుకున్న మేరకే పనిని పెంచే పద్ధతిలో, నడక కుదుటపడిన రోగులచేత మట్టి బుట్టలు మోయించి, ఆ తర్వాతే చేతికి పార ఇచ్చేవారు. జ్వరం తిరగబెడితే మళ్లీ మంచమే.

పైకి బాగానే కనబడే మనిషి అలసటను సోమరితనమని తోసిపుచ్చక, కొలవదగిన దేహస్థితిగా గుర్తించడం ఆ వైద్యం చేసిన గొప్ప మేలు. పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో ఇంట్లో జబ్బు పేరే ఎత్తలేకపోయినవారికి, అదే జబ్బుతో ఉన్న తోటివారి మధ్య దాన్ని దాచవలసిన అవసరం ఉండేది కాదు.

క్షయకు మందులు వచ్చాక, ఇంట్లో ఉండి వాటిని వాడినవారికీ, శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి పొందుతూ అవే మందులు వాడినవారికీ ఫలితం ఇంచుమించు ఒక్కటేనని 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన తేల్చడంతో, ఆ దీర్ఘ విశ్రాంతి పద్ధతి క్రమంగా వెనుకబడింది.