నిప్పునకు వెఱచి తెచ్చుకొన్న విషము

వస్త్రమునకు నిప్పంటకుండ జేయవలెనను కోరిక మనుష్యునకు నేడు క్రొత్తగా పుట్టినది కాదు. 1735లో ఒబడయా వైల్డ్ అను ఆంగ్లేయుడు పటికను, వెలిగారమును, అన్నభేదిని కలిపి, బట్టకును కాగితమునకును పట్టించి, అవి మండకుండ జేయు విధానమునకు పేటెంటు సంపాదించెను; మన పచారి కొట్లలో పొట్లము గట్టి యిచ్చు సరకులే నాటి అగ్నినిరోధకములు. తరువాత 1821లో, ఫ్రాన్సు ప్రభువైన 18వ లూయీ కోరికపై, దీపపు సెగలకు తఱచుగ అంటుకొనుచుండిన నాటకశాలల తెరలను కాపాడుటకై, గే-లుసాక్ అను సుప్రసిద్ధ రసాయనవేత్త అమ్మోనియా లవణములను, వెలిగారమును పరీక్షించి, వాని ప్రభావమును శాస్త్రీయముగ నిరూపించెను. ఈ లవణములకు ఒక లోపము కలదు: ఉతికిన నీటిలో కలిసిపోవును. ఆ లోపమును దిద్దబోయియే ఇరువదవ శతాబ్దము అంతకంటె పెద్ద ఆపదను తలకెత్తుకొన్నది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఇండ్లలోనికి వచ్చిన పాలియెస్టరు బట్టలు, పాలీయురెథేను నురుగు నింపిన సోఫాలు, ప్లాస్టిక్కు పెట్టెలలో బిగించిన టెలివిజనులు మూలమున శిలాతైలపు సంతతివి; అందు నురుగు అతివేగముగను అత్యుగ్రముగను మండునట్టిది. వీనిని శాంతింపజేయుటకై బ్రోమినును, క్లోరినును పొదిగిన సేంద్రియ రసాయనములు పుట్టినవి. మంటలో చెలరేగు చుఱుకైన అణుశకలములను బ్రోమిను పట్టి బంధించుట చేత దహనము మందగించును; అయితే సగము కాలిన పదార్థమునుండి పొగయు, మసియు, కార్బను మోనాక్సైడును అధికముగ వెలువడును. అగ్నిప్రమాదములలో మరణించువారిలో పెక్కురు పొగవలననే మరణింతురన్న సంగతిని ఇచట మఱవరాదు. ఇంకొక చిక్కు కూడ కలదు. ఈ రసాయనములలో అనేకములు ప్లాస్టిక్కునకు గాని, నురుగునకు గాని బంధింపబడక, ఊరక కలుపబడియుండును. కావున ఏండ్ల తరబడి మెల్లమెల్లగ వెలికి వచ్చి, ఇంటి ధూళిలో చేరి, నేలమీద ప్రాకుచు వ్రేళ్లు నోట బెట్టుకొను పసివారి కడుపులోనికి పోవును.

వీని స్వభావమును లోకము తెలిసికొన్నది అమెరికా దేశపు మిషిగన్ రాష్ట్రమున జరిగిన యొక సంచుల తారుమారు వలన. సెయింట్ లూయిస్ అను చిన్న పట్టణమందలి మిషిగన్ కెమికల్ కంపెనీ రెండు సరకులను తయారు చేయుచుండెను: పశువుల దాణాలో కలుపు మెగ్నీషియము ఆక్సైడునకు న్యూట్రిమాస్టర్ అని పేరు, ప్లాస్టిక్కులో కలుపు పాలీబ్రోమినేటెడ్ బైఫినైలునకు, అనగా పీబీబీకి, ఫైర్‌మాస్టర్ అని పేరు. 1973లో అచ్చువేసిన సంచులు కొఱతపడగా, రెండవది మొదటిదానికి మాఱుగ దాణా మిల్లునకు చేరినది. ఆవులు మేత మానినవి, పాలు తగ్గినవి, గిట్టలు వికృతముగ పెరిగినవి. ఫ్రెడరిక్ హాల్బర్ట్ అను పాడిరైతు, కెమికల్ ఇంజనీరింగు చదివినవాడగుట చేత, దాణాను అనుమానించి, ప్రయోగశాలల వెంట నెలల తరబడి తిరుగగా, 1974 వసంతమున గాని ఆ విషము పేరు తెలియరాలేదు. ఆలోపల ఆ పాలను, మాంసమును, గ్రుడ్లను రాష్ట్రమంతటను జనులు భుజించియే యుండిరి. సుమారు 30,000 పశువులను, 15 లక్షల కోళ్లను నాశనము చేయవలసివచ్చెను. ఆ ప్రజల నెత్తుటిలో పీబీబీ జాడ దశాబ్దముల తరువాతను కనబడుచునే యున్నది.

అదే కాలమున పిల్లల రాత్రి దుస్తులలోనికి మఱియొక రసాయనము ప్రవేశించెను. 1970వ దశకపు తొలినాళ్లలో అమెరికా ప్రభుత్వము పిల్లల నిద్రదుస్తులు నిప్పునకు తట్టుకొనవలెనని శాసించినది, సంకల్పము మంచిదే. దానిని నెరవేర్చుటకై తయారీదారులు బ్రోమినేటెడ్ ట్రిస్ అను పదార్థమును బట్ట బరువులో 10 శాతము వఱకును పట్టించిరి. సూక్ష్మజీవులపై పరీక్షించి జన్యుహాని కలిగించు పదార్థములను పసిగట్టు విధానమును కనిపెట్టిన బ్రూస్ ఏమ్స్, అర్లీన్ బ్లమ్ అను విదుషీమణితో కలిసి, ఈ ట్రిస్ క్యాన్సరు కారకము కావచ్చునని 1977 జనవరిలో సైన్స్ పత్రికయందు హెచ్చరించెను. ఏప్రిల్ మాసమున నిషేధము వచ్చెను; ఆ దుస్తులు తొడిగిన పిల్లల మూత్రములో దాని రూపాంతరమే కనబడినదని మఱుసటి యేట రుజువైనది. (1978లో స్త్రీల బృందమును అన్నపూర్ణా శిఖరమునకు నడిపించిన పర్వతారోహకురాలు ఈ బ్లమ్ గారే, పరిశ్రమలతో తలపడుటకును ఆ దార్ఢ్యము అక్కఱకు వచ్చియుండును.) తరువాతి కథ మనబోటి దేశములవారు ప్రత్యేకముగ గుర్తుంచుకొనదగినది. స్వదేశమున అమ్మరాని ఆ దుస్తులను వ్యాపారులు విదేశములకు ఎగుమతి చేయసాగిరి; 1978లో గాని ప్రభుత్వము దానిని ఆపలేదు. బ్రోమినేటెడ్ ట్రిస్ స్థానమున క్లోరినేటెడ్ ట్రిస్ వచ్చెను. అదియు జన్యుహానికరమేయని తేలగా పిల్లల దుస్తులనుండి దానిని తొలగించిరి. అచట తొలగినది సోఫాల నురుగులో మాత్రము నిరాటంకముగ కొనసాగెను.

సోఫాల చరిత్ర మఱింత విచిత్రము. కాలిఫోర్నియా రాష్ట్రము 1975లో టెక్నికల్ బులెటిన్ 117 అను నిబంధనమును తెచ్చి, సోఫాలోని నురుగు చిన్నమంటకు 12 సెకనులు తాళవలెనని ఆజ్ఞాపించెను. ఒక్క రాష్ట్రపు కట్టడియే యైనను, అచటి విపణి పెద్దదగుటచే తయారీదారులు దేశమందు పెక్కుచోట్ల దానినే పాటించిరి. దానికై పెంటా-బీడీఈ అను బ్రోమిను రసాయనమును నురుగులో కలిపిరి. 2001 నాటికి ప్రపంచమున వాడిన పెంటాలో 90 శాతమునకు పైగ ఉత్తర అమెరికాలోనే ఖర్చగుచుండెను. ఇంత చేసియు ఫలమేమి? సోఫా అంటుకొనునపుడు ముందు మండునది పైగుడ్డ. ఆ మంట నురుగును చేరునప్పటికి పెద్దదైపోవును, లోపలి రసాయనము దానిని నిలుపజాలదు. పెక్కు సోఫాలను అంటించునది సిగరెట్టు. తనంతట ఆరిపోవు సిగరెట్టును తయారు చేయుటకు ఇష్టపడని పొగాకు కంపెనీలు, నేరమును సోఫాలపైకి నెట్టుటకు అగ్నిమాపకాధికారుల సంఘములను చేరదీసిన వైనమును షికాగో ట్రిబ్యూన్ పత్రిక 2012లో బయటపెట్టినది. అగ్నినిరోధకములు ఇంటివారు తప్పించుకొను వ్యవధిని 15 రెట్లు పెంచునని పరిశ్రమవారు చాటుచుండిన ప్రమాణము 1988 నాటి యొక పరీక్షనుండి గైకొన్నది. ఆ పరీక్షను నడిపిన వైటెనిస్ బాబ్రౌస్కస్, తాము పరీక్షించిన వస్తువులలో రసాయనము ఇండ్ల సోఫాలలో కంటె చాల ఎక్కువయనియు, తన ఫలితములను వక్రీకరించిరనియు స్వయముగ చెప్పెను. ఎట్టకేలకు 2013లో కాలిఫోర్నియా ఆ కట్టడిని మార్చి, రసాయనము లేకయే నెగ్గదగిన నివురు పరీక్షను తెచ్చెను.

ఈలోగా ఐరోపావారు వేఱు త్రోవ పట్టిరి. 1972 మొదలు 1997 వఱకు స్వీడనులో భద్రపఱచిన తల్లిపాలను పరీక్షింపగా, అందు ఈ బీడీఈ జాతి రసాయనములు అయిదేండ్లకొకసారి రెట్టింపగుచు వచ్చినట్లు తేలినది. వీని నిర్మాణము మన కంఠగ్రంథి స్రవించు థైరాయిడ్ హార్మోనును పోలియుండును. శిశువు మెదడు ఎదుగుటకు ఆ హార్మోనే ఆధారమగుటచే, ఈ లెక్క శాస్త్రజ్ఞులను కలవరపఱచెను. 2004లో ఐరోపా సమాఖ్య పెంటా, ఆక్టా అను రెండు బీడీఈలను నిషేధించెను. అదే సంవత్సరాంతమునకు అమెరికా తయారీదారుడును విరమించెను. స్టాక్‌హోమ్ అను అంతర్జాతీయ కాలుష్యనివారణ ఒప్పందపు పట్టికలోనికి ఇవి 2009లోను, హెచ్‌బీసీడీ అను మఱియొక బ్రోమిను రసాయనము 2013లోను, డెకా-బీడీఈ 2017లోను ఎక్కినవి. పెంటాకు బదులుగ అమెరికాలో వచ్చిన మిశ్రమమునకు పెట్టిన పేరు ఫైర్‌మాస్టర్ 550. మిషిగన్ ఆవులను చంపిన సరకు పేరునే మఱల తగిలించిన ఆ వ్యాపారుల ధైర్యము మెచ్చదగినదే! అదియు కొలది యేండ్లలోనే ఇండ్ల ధూళిలో కనబడెను.

నిషేధించిన ప్రతిసారియు దాని జ్ఞాతి యొకటి ఆ స్థానమును ఆక్రమించుటకు కారణము, శాసనము పేరును పట్టుకొనుటయే గాని జాతిని పట్టుకొనకపోవుట. ఇది గ్రహించి, 2018లో చేసిన చట్టము ద్వారా కాలిఫోర్నియా సోఫాలలోను, పఱుపులలోను, పిల్లల వస్తువులలోను 0.1 శాతమునకు మించిన అగ్నినిరోధకములను 2020 నుండి నిషేధించినది. 2021 నుండి ఐరోపా సమాఖ్య టెలివిజను, కంప్యూటరు తెరల పెట్టెలలో బ్రోమిను, క్లోరిను చేరిన హాలోజను జాతి అగ్నినిరోధకములన్నిటిని తోసివేసినది. మన దేశము స్టాక్‌హోమ్ ఒప్పందమును 2006లో ఆమోదించి, 2012లో అమలైన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములలో పీబీబీకిని, బీడీఈ జాతికిని 0.1 శాతము హద్దు విధించి, 2018 మార్చి నియమములలో మఱికొన్నింటిని పేరు పేరున నిషేధించినది. ఈ నియమములను మఱల సవరించు తరుణమున మన పాలకులు పేర్లకు పేర్లు కలుపుట చాలించి, మొత్తము జాతిని నిషేధింపవలెను.