కష్టకాలంలో ఓటు ఎక్కడ తగులుతుంది? చిక్కపేట ఆధారంగా ఒక పరిశీలన

బేరాలు పడిపోయినప్పుడు, చేతి అప్పు కూడా పుట్టనప్పుడు ఓటు వేసి ఏం లాభం అన్న మాట బజారులో తరచుగా వినిపిస్తుంది. రాజనీతిశాస్త్రంలో ఈ మాటకు గట్టి మద్దతే ఉంది. ఒక్క ఓటుతో ఫలితం మారే అవకాశం దాదాపు లేదు కనుక, లాభనష్టాలు లెక్కవేసుకునే మనిషి పోలింగు కేంద్రం దాకా ఎందుకు వెళ్తాడన్న చిక్కుముడిని ఆంథనీ డౌన్స్ 1957లోనే ముందుకు తెచ్చాడు. ఆర్థికంగా దెబ్బతిన్నవాళ్లు ఓటుకు దూరమవుతారని, బతుకు తిప్పలే వాళ్ల సమయాన్ని, ఓపికను మింగేస్తాయని అమెరికా ఓటర్ల మీద చేసిన అధ్యయనంలో స్టీవెన్ రోసెన్‌స్టోన్ 1982లో తేల్చాడు. అందుకు భిన్నంగా, మన దేశంలో 1990ల నుంచి పేదలు, అణగారిన కులాలవారు ముందుకు వచ్చి ఓటు వేస్తున్నారని యోగేంద్ర యాదవ్ వంటి పరిశీలకులు చూపించారు. ఈ రెండు పరిశీలనలూ ఎవరు ఓటు వేస్తున్నారో చెబుతాయి, వేసిన ఓటు ఎవరికి తగులుతుందో చెప్పవు. కష్టం ఏ కార్యాలయం నిర్ణయం వల్ల వచ్చిందో, ఆ కార్యాలయం ఓటరుకు అందేంత దూరంలో ఉన్నప్పుడే ఓటు పనిచేస్తుందన్నది ఈ వ్యాసం వాదన. దాన్ని పరీక్షించడానికి బెంగళూరు చిక్కపేట కంటే తగిన చోటు దొరకడం కష్టం.

కెంపేగౌడ 1537లో వేయించిన పేటలో, ఇప్పుడు అవెన్యూ రోడ్డు అంటున్న దొడ్డపేట వీధిని చిక్కపేట వీధి అడ్డంగా కోస్తుంది. ఆ ఇరుకు సందుల్లోని పట్టుచీరల దుకాణాల్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద గుమాస్తాలు కూర్చుని చీర మీద చీర విప్పి చూపిస్తుంటారు. బయట హమాలీలు బేళ్లు మోస్తుంటారు. ఆంధ్రప్రదేశ్‌లోని ధర్మవరంలో మగ్గం మీద నేసిన చీరకు ఈ వీధులు పాత సంత. నేతగాడు సరుకు ఇచ్చి వెళ్తే, అమ్ముడుపోయాకనే డబ్బు చేతికొచ్చే అరువు పద్ధతి ఇక్కడ మామూలు. ఇలా అరువు మీద నడిచే బజారుకు నగదు ఆగితే ఊపిరి ఆగినట్టే. 2016 నవంబరు 8న పెద్దనోట్ల రద్దు, 2017 జులై 1న జీఎస్టీ, 2020 మార్చి 25న లాక్‌డౌన్, ఈ మూడూ నాలుగేళ్ల లోపే ఇక్కడి దుకాణం, మగ్గం, హమాలీ కూలి మీద వరసగా పడ్డాయి. మూడింటిలో ఏ ఒక్కటీ చిక్కపేటలో తీసుకున్న నిర్ణయం కాదు.

ఓటు అసలే లేని కాలంలో కష్టం ఎలా ఉండేదో ముందు చూడాలి. 1876–78 కరువు నాటికి, బెంగళూరు ఉన్న మైసూరు రాజ్యం బ్రిటిష్ కమిషనర్ పాలనలో ఉంది. 1871 జనగణనలో 50 లక్షలకు పైగా ఉన్న జనాభా 1881 నాటికి 42 లక్షల లోపుకు పడిపోయింది. పెరగవలసిన జనాభా అంతగా తరిగిందంటే, చచ్చిపోయినవాళ్లకు జవాబు చెప్పవలసిన పదవి ఒక్కటీ లేకపోయిందని అర్థం. కరువు వెళ్లిన మూడేళ్లకు, 1881 అక్టోబరు 7న, దివాన్ రంగాచార్లు మైసూరు ప్రజా ప్రతినిధి సభను సమావేశపరిచాడు. దేశీయ సంస్థానాల్లో అది గొప్ప ముందడుగు, కాదనలేం. అయితే ఆ సభలో కూర్చున్నది భూస్వాములు, వర్తకులు. వాళ్లు విన్నవించుకోగలరు, నిర్ణయించలేరు. కరువులో నేల రాలిన కూలీకి అందులో చోటే లేదు. ఓటు ఉన్న కాలం సంగతి వేరు. స్వేచ్ఛగా ఎన్నికలు జరిగే, స్వేచ్ఛగా పత్రికలు నడిచే దేశంలో పెద్ద కరువు రాలేదన్న అమర్త్యసేన్ పరిశీలనను తిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ 2002లో భారత రాష్ట్రాల గణాంకాలతో పరీక్షించారు. పత్రికలు ఎక్కువగా చదివే చోట, పోలింగు ఎక్కువగా ఉన్న చోట, పంట పోయినప్పుడు ప్రభుత్వాలు తిండిగింజలూ సహాయమూ మెరుగ్గా అందించాయని వాళ్లు తేల్చారు. బ్రెజిల్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం వచ్చి నిరక్షరాస్యుల ఓట్లు చెల్లకుండా పోవడం తగ్గాక పేదల ఆరోగ్యం మీద ఖర్చు పెరిగిందని థామస్ ఫుజివారా 2015లో చూపించాడు. కష్టంలో ఉన్నవాడి ఓటు లెక్కలోకి వస్తే ఖజానా దారి మళ్లుతుందని ఈ రెండూ చెబుతున్నాయి.

చిక్కపేటకు నేరుగా సంబంధించిన సాక్ష్యం బట్టల పన్ను. బట్టలన్నింటి మీద జీఎస్టీని 12 శాతం చేయాలని 2021లో నిర్ణయించారు, 2022 జనవరి 1 నుంచి అమలు కావాలి. అదే జరిగితే 5 శాతం పన్నుతో అమ్ముడవుతున్న చీర మీద ఒక్కసారిగా ఏడు శాతం అదనంగా పడేది. దేశమంతా బట్టల వర్తకులు, నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. నేతన్నల ఊరు సిరిసిల్ల నుంచి ఎన్నికైన అప్పటి తెలంగాణ మంత్రి కె. తారక రామారావు బాహాటంగా వ్యతిరేకించారు. అమలుకు ఒక్కరోజు ముందు, 2021 డిసెంబరు 31న, జీఎస్టీ మండలి 46వ సమావేశం పెంపును వాయిదా వేసింది. ఉత్తరప్రదేశ్, పంజాబ్ ఎన్నికలు అప్పటికి కొన్ని వారాల దూరంలోనే ఉన్నాయి. ఇక్కడ తొందరపడి సంబరపడకూడదు. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద కూడా అదే రోజు నుంచి పన్ను 12 శాతం కావలసి ఉంది, అది ఆగలేదు. చెప్పుల తయారీకి పేరుపడ్డ ఆగ్రా ఉన్నది ఎన్నికలు జరగబోతున్న ఉత్తరప్రదేశ్‌లోనే. అంటే ఎన్నికలు దగ్గరపడటం ఒక్కటే చాలదు. బట్ట మీద బతికేవాళ్లు గుజరాత్ నుంచి తమిళనాడు దాకా ఎన్నో రాష్ట్రాల్లో పరచుకుని ఉన్నారు, మండలిలో కూర్చున్న పలువురు మంత్రులకు వాళ్ల సెగ తగిలింది. మండలిలో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతుల బలం ఉంటుంది, తీర్మానానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంత దూరపు బల్లను చేరాలంటే ఒక్క పేట ఓటు చాలదు, వృత్తి మొత్తం కదలాలి.

పని జరిగింది ఆందోళన వల్ల కదా, ఓటు వల్ల కాదు కదా అని అడగవచ్చు. ఈ అభ్యంతరంలో బలముంది. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ చెల్లింపుల లెక్కలు చూసి చిన్న దుకాణదారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. బేకరీలు, టీ దుకాణాల ముందు నగదు మాత్రమే అన్న బోర్డులు వెలిశాయి, జులై 25న బంద్‌కు పిలుపు వచ్చింది. రెండు రోజుల ముందు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వర్తకులను పిలిచి మాట్లాడి, పాత బకాయిలు వసూలు చేయబోమని హామీ ఇచ్చాక బంద్ ఆగింది. ఆ నెలలో ఎన్నికలేమీ లేవు. అయినా, ఒక్కరోజు బంద్ వల్ల ఖజానాకు కలిగే నష్టానికి ఏ ప్రభుత్వమూ అంతగా కంగారుపడదు. వీధి చివరి దుకాణదారు రోజూ వందమందితో మాట్లాడతాడు, ఆ మాట మూడేళ్ల తరువాత ఓటు పెట్టె దాకా వెళ్తుంది. 1876లోనూ జనం ఆకలితో కేకలు పెట్టారు. ఆ కేక వెనుక ఓటు లేదు, అంతే తేడా.

ఒక్క ఓటుకు బరువు లేదన్న డౌన్స్ మాటకు బెంగళూరు 2023లో విచిత్రమైన జవాబు ఇచ్చింది. గాంధీనగర్‌లో దినేశ్ గుండూరావు 105 ఓట్లతో, జయనగర్‌లో సి.కె. రామమూర్తి 16 ఓట్లతో గెలిచారు. ఇలాంటివి అరుదు, వాటి మీదే వాదన నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. వాటికంటే ఎక్కువ చెప్పేది నియోజకవర్గాల గీత. చిక్కపేట పేరుతో శాసనసభ స్థానం ఉంది, అందులో విశ్వేశ్వరపురం, సుధామనగర్, సిద్ధాపుర వంటి పేటలు ఉన్నాయి. కానీ 2015 నాటి కార్పొరేషన్ లెక్కలో చిక్కపేట వార్డు గాంధీనగర్ స్థానంలోకి వస్తుంది. ఒకటి బెంగళూరు దక్షిణ లోక్‌సభ స్థానం కింద, రెండోది బెంగళూరు సెంట్రల్ కింద. పక్కపక్కనే ఉండి ఒకే బజారు మీద బతికేవాళ్లు ఇద్దరు ఎమ్మెల్యేల మధ్య, ఇద్దరు ఎంపీల మధ్య చీలిపోయారు.

అన్నిటికంటే పెద్ద లోటు ఓటరుకు అతి దగ్గరగా ఉండవలసిన చోట ఉంది. వాననీటి కాలువ, చెత్త, తవ్వి వదిలేసిన రోడ్డు, ట్రేడ్ లైసెన్సు, తోపుడుబండికి చోటు, ఇవన్నీ నగరపాలక సంస్థ చేతిలోవి. మందగించిన రోజుల్లో నెల్లాళ్లు తవ్వి వదిలిన రోడ్డు ఒక చిన్న దుకాణాన్ని మూయించగలదు. బెంగళూరు కార్పొరేషన్‌కు చివరి ఎన్నికలు 2015 ఆగస్టులో జరిగాయి. 198 మంది కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. గడువు తీరేలోపే కొత్త పాలకవర్గం ఎన్నిక కావాలని 74వ సవరణ తెచ్చిన 243–యు అధికరణం స్పష్టంగా చెబుతోంది. ఆరు వారాల్లో ఎన్నికల షెడ్యూలు ప్రకటించాలని 2020 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆదేశించింది, అదే నెలలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ఆ తరువాత వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ల జాబితా, కొత్త చట్టం అంటూ ఏళ్లు గడిచిపోయాయి. 2025లో గ్రేటర్ బెంగళూరు ప్రాధికార సంస్థ వచ్చి, సెప్టెంబరులో నగరం ఐదు కార్పొరేషన్లయింది. ఈ ఐదేళ్లూ రాజధాని నగరాన్ని నడిపింది అధికారులు. ఇందులో ఏ ఒక్క పార్టీనో తప్పుపట్టి లాభం లేదు, ఈ కాలంలో రెండు పార్టీల ప్రభుత్వాలూ ఉన్నాయి. దీని ఫలితం 2021 ఏప్రిల్, మే నెలల్లో కనిపించింది. రెండో విడత కోవిడ్‌లో బజారు మూతపడి, ఆసుపత్రి పడకలు దొరకని రోజుల్లో, అర్ధరాత్రి తలుపు తట్టడానికి వార్డులో ఎన్నికైన మనిషి లేడు. నమోదైన వీధి వ్యాపారులకు రాష్ట్రం 2,000 రూపాయలు ప్రకటించింది. నమోదు కానివాడికి, నేను ఈ వీధిలోనే ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నానని చెప్పుకోవడానికి, ఆ మాట విని ఫైలు కదిలించడానికి ఎవరున్నారు? మాజీ కార్పొరేటర్లు తమ పలుకుబడితో సాయం చేసి ఉండవచ్చు, కానీ మళ్లీ ఓటు అడగవలసిన భయం ఉన్నవాడి సాయం వేరు. బెంగళూరులో 2024 లోక్‌సభ పోలింగు 53, 54 శాతం దగ్గరే ఆగిందని నగరవాసులను తిట్టిపోసేవాళ్లు, దగ్గరి ఓటును ఐదేళ్లు లాక్కున్న సంగతిని ఒక్క క్షణమైనా తలచుకోవాలి.

ఓటు అంటే ఇప్పుడు పథకాల బేరమే కదా, డబ్బు పంచినవాడికే పడుతుంది కదా అన్నది మరో విమర్శ. ధర్మవరం దీనికి సమాధానం చెబుతుంది. సొంత మగ్గం ఉన్న నేతన్నకు ఏడాదికి 24,000 రూపాయలిచ్చే నేతన్న నేస్తం పథకం 2019 డిసెంబరు 21న ఆ ఊళ్లోనే మొదలైంది. ఆంధ్రప్రదేశ్ అంతటా నేరుగా ఖాతాల్లో డబ్బు వేసిన నాటి పాలకపక్షం 2024 శాసనసభ ఎన్నికల్లో 175 స్థానాల్లో 11కు పరిమితమైంది. పోలింగు 80 శాతం దాటింది. డబ్బు తీసుకున్నవాళ్లు కూడా ఉద్యోగాలు, ధరలు, రాజధాని, ఇంకా ఎన్నో తూచి తమ తీర్పు తాము ఇచ్చుకున్నారు. పథకం అందుకున్న ఓటరును అమ్ముడుపోయినవాడిగా చూడటం అన్యాయం.

అయితే ఆ 80 శాతంలో ఒక భాగం బెంగళూరులో బతుకుతూ, ఓటు కోసం బస్సులు, రైళ్లు కిక్కిరిసేలా సొంతూళ్లకు వెళ్లి వచ్చినవాళ్లది. వాళ్ల ఓటు నిజమైనదే. కానీ అది తగిలే చోటు వేరు, వాళ్ల కష్టం ఉన్న చోటు వేరు. ఒకే దుకాణంలో చీరలు మడతపెట్టే ఇద్దరు మహిళలను ఊహించండి. కర్ణాటక చిరునామా కార్డు ఉన్నామె 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద ఉచితంగా బస్సెక్కి వస్తోంది. హిందూపురం చిరునామా కార్డున్నామె అదే బస్సులో టికెట్టు కొంటోంది. ఆమె ఓటు వేసిన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది, కానీ అది ఆంధ్ర సరిహద్దు దాటదు. మామూలుగా నివసించే చోటే ఓటు నమోదు చేసుకోవచ్చని ప్రజా ప్రాతినిధ్య చట్టం చెబుతూనే ఉంది, మార్చుకోకపోవడం వాళ్ల తప్పు కదా అనవచ్చు. అద్దె ఒప్పందమే రాయని గదిలో ఉండేవాళ్లు చిరునామా దేనితో రుజువు చేయాలి? ఊళ్లో బియ్యం కార్డు, పింఛను, పొలం పాసుపుస్తకం ముడిపడి ఉండగా పేరు తీయించుకోవడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీల ముందుకు తెచ్చిన రిమోట్ ఓటింగ్ యంత్రం ఈమెకు హిందూపురం ప్రయాణ ఖర్చు తప్పించేదేమో. చిక్కపేటలో ఆమె కట్టే గది అద్దె, ఎక్కే బస్సు, వాన వస్తే మోకాలి లోతు నీళ్లు నిలిచే సందు మాత్రం అప్పుడు కూడా ఆమె ఓటుకు అందవు. ఐదు కొత్త కార్పొరేషన్లకు వార్డు ఎన్నికల ఓటర్ల జాబితా తయారుచేసేటప్పుడు బూత్ స్థాయి అధికారులు (బీఎల్వోలు) ఇళ్లతో ఆగకుండా దుకాణాల మెట్ల దగ్గరికి, హమాలీల గదుల్లోకి కూడా వెళ్లాలి. యజమాని ఇచ్చే చిన్న ధ్రువపత్రాన్ని నివాసానికి రుజువుగా ఒప్పుకోవాలి.