నీరు ఏ దారిని పోయినది?

ఘాటు రోడ్డు ఎక్కుచున్న పాత లారీ మలుపు దగ్గర ఆగియుండుట, బానెట్టు సందుల నుండి ఆవిరి చిమ్ముచుండుట, క్లీనరు డబ్బా పుచ్చుకొని నీటికొరకు పరుగెత్తుట, తెలుగునాట ప్రయాణములు చేసిన వారెల్లరు ఎరిగిన దృశ్యమే. నీరు పోసిన పిమ్మట లారీ కదలును. మరికొంత దూరము పోయి మరల ఆగును. అప్పటికి కావలసినది నీరే; కాని అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. ఉదయము పోసిన నీరు ఏ దారిని పోయినది?

మూతపెట్టిన పాత్రలోని నీరు ఊరక తరుగదు. అది వెలుపలికి కారియుండవలెను, ఆవిరియై పోయియుండవలెను, లేదా ఇంజను లోపలికే చొచ్చియుండవలెను. మొదటి రెండు దారులు కంటికి కనబడును. మూడవది కనబడదు, ఇంజనును నాశనము చేయునది తరచుగా అదియే. ఈ దారులను వెదకుటకు మెకానిక్కు చేయు పరీక్షలు ఒక్కనాడు పుట్టినవి కావు. నూరేండ్లకు పైబడిన డీజిలు ఇంజను చరిత్ర అంతయు వాని వెనుక కలదు.

నీటితో తొలి ప్రయాణము

సిలిండరులో ఇంధనము మండునప్పుడు వాయువుల ఉష్ణోగ్రత సుమారు 2000 సెంటీగ్రేడు డిగ్రీల వరకు పోవును. పిస్టనుకు వాడు అల్యూమినియము 660 డిగ్రీల వద్దనే కరుగును. కందెన నూనె అంతకంటె చాల ముందే చెడిపోవును. ఇంధనము ఇచ్చిన వేడిలో సుమారు మూడవ వంతు పనిగా మారగా, మరియొక మూడవ వంతు పొగతో పోవును. మిగిలిన దానిలో అధిక భాగమును నీరు మోసికొనిపోవలెను.

కార్ల్ బెంజ్ నిర్మించిన తొలి మోటారు బండిలో ఈ పని సులభముగనే జరిగెను. సిలిండరు చుట్టునున్న నీరు మరిగి ఆవిరియై పోయెడిది. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 540 కెలోరీల వేడి పట్టును గనుక అది మంచి ఉపాయమే. కాని నీరు వ్యయమగుచుండును. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా తన ఇద్దరు కుమారులతో ఆ బండిపై మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినప్పుడు, దొరికిన చోటనెల్ల నీరు పోసికొనుచు పోవలసివచ్చెను. ఆ బండిలో నీరు తరుగుట రోగము కాదు, దాని పద్ధతియే అది.

నీటిని పోగొట్టుకొనక చల్లార్చి మరల వాడుకొను మార్గమును విల్‌హెల్మ్ మేబాక్ చక్కపరచెను. 1900-01లో డైమ్లర్ కంపెనీ తయారుచేసిన మెర్సిడెస్ కారుకు ఆయన తేనెపట్టు వంటి రేడియేటరును అమర్చెను. అందు 8,070 సన్నని చదరపు గొట్టములు ఉండెడివి. ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్ల వెడల్పు కలది. గాలి ఆ గొట్టముల గుండ పోవును; నీరు వాని మధ్య సందులలో పారును. కొద్ది నీటితోనే ఎక్కువ వేడిని గాలికి ఇచ్చివేయుట సాధ్యమయ్యెను. కాని వేలకొలది గొట్టములనగా వేలకొలది అతుకులు. అతుకు ఉన్నచోట కారుటకు అవకాశము ఉండనే ఉన్నది.

నీరు వలదనిన డీజిల్

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనుకు నీరే అవసరము లేదని భావించెను. ఇంధనమును కొద్దికొద్దిగా ప్రవేశపెట్టినచో పుట్టిన వేడి అప్పటికప్పుడే పనిగా మారునని, ఉష్ణోగ్రత హెచ్చదని ఆయన 1893లో ప్రచురించిన గ్రంథములో వాదించెను. నీటికి వేడి నిచ్చుట ఆయన దృష్టిలో ఇంధనమును గంగపాలు చేయుటయే. ఆ యేడు ఆగస్టులో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించిన మొదటి ఇంజనుకు నీటి తొడుగు లేదు.

అనుభవము సిద్ధాంతమును దిద్దెను. తరువాతి ఇంజనుకు సిలిండరు చుట్టు నీటి తొడుగు అమర్చిరి. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసరు మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించిన ఇంజను, ఇంధనపు శక్తిలో 26.2 శాతమును పనిగా మార్చెను. నాటి ఏ ఉష్ణయంత్రమును అంత సాధింపలేదు. ఆ విజయము నీటితో చల్లార్చిన ఇంజనుది.

1923లో బెంజ్ కంపెనీ 5 టన్నుల లారీకి డీజిలు ఇంజనును అమర్చగా, మరుసటి యేడు మాన్ కంపెనీయు తన లారీని చూపెను. మన దేశమున 1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారముతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ప్రారంభించెను. ఇంజనుతో పాటు దాని నీటి చిక్కులును మన రోడ్లకు వచ్చినవి.

వెలుపలి దారులు

1679లో డెనీ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మూత బిగించిన పాత్రలో నీటిని మరిగించి, పీడనము పెరిగినకొలది నీరు మరుగు ఉష్ణోగ్రతయు పెరుగునని లండనులోని రాయల్ సొసైటీకి చూపెను. వంటింటిలోని ప్రెషరు కుక్కరు దాని సంతతియే. రేడియేటరు మూతయు అట్టిదే. మూతలోని స్ప్రింగు ఒక వాతావరణ పీడనము అదనముగా నిలిపినచో నీరు 100 డిగ్రీలకు బదులు 120 డిగ్రీల దరిని గాని మరుగదు. ఎండలో, ఎత్తు రోడ్డుపై, బరువుతో పోవు లారీకి ఇది గొప్ప మేలు.

దీని నుండి రెండు సంగతులు తెలియవలెను. మొదటిది, వేడిగా ఉన్న రేడియేటరు మూతను తీయరాదు. మూత తీయగనే పీడనము పోయి, నూరు డిగ్రీలకు మించియున్న నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖముపైకి చిమ్మును. తొందరపడి కాల్చుకొనినవారు ఎందరో. రెండవది, మూత స్ప్రింగు అలసిపోయినచో లేక దాని రబ్బరు పగిలినచో, ఎక్కడను చిల్లి లేకున్నను నీరు ఆవిరియై పోవుచుండును. అందుచేత పరీక్షను చవకైన భాగమగు మూతతోనే ప్రారంభించుట తెలివి.

ఆ తరువాత చల్లారిన ఇంజనుకు చేతిపంపుతో, మూతపై వ్రాసియున్నంత పీడనమును ఎక్కించి, ముల్లును చూచుచుండవలెను. ముల్లు దిగినచో ఎక్కడనో దారి కలదు. హోసుల కొనలు, క్లిప్పులు, రేడియేటరు అతుకులు, థర్మోస్టాటు గూడు వరుసగా చూడవలెను. నీటిపంపు క్రింద ఒక చిన్న రంధ్రము ఉండును. అది లోపము కాదు. పంపులోని సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోనికి పోక వెలుపలికి వచ్చి హెచ్చరించుటకై పెట్టిన ద్వారము. అక్కడ తడి కనబడినచో రంధ్రమును మూయుట కాదు, సీలును మార్చుట చికిత్స.

చిల్లిపడిన రేడియేటరులో పసుపు వేయుట మన డ్రైవర్లకు పూర్వమునుండి తెలిసిన చిట్కా. పసుపులోని పిండిపదార్థము, నార, వేడినీటిలో ఉబ్బి, నీటితో పాటు చిల్లి వద్దకు చేరి అడ్డుపడును. సూదిమొన వంటి చిల్లి కలిగినప్పుడు ఊరు చేరుటకు ఇది పనికివచ్చును. కాని పసుపునకు చిల్లికిని సన్నని గొట్టమునకును భేదము తెలియదు. పలుమార్లు వేసినచో మంచి గొట్టములును పూడి, కారుట మానిన ఇంజను కాగిపోవుట మొదలిడును.

లోపలి దారి

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఎక్కడను తడి లేదు, మూత మంచిది, అయినను నీరు తరుగుచున్నది. అప్పుడు అనుమానము లోపలికి పోవలెను.

అనేక డీజిలు ఇంజనులలో సిలిండరు గోడ విడిగా చేసిన గొట్టము. దీనిని లైనరు అందురు. దాని వెలుపలి ముఖమును నీరు నేరుగా తాకుచున్నచో అది తడి లైనరు. పాత లారీలలో కొన్నిటి నుండి ఇట్టి లైనరును ఊడదీసి చూచినప్పుడు, నీటివైపున ఒక పక్కనే పురుగు తొలిచినట్లు గుంటలు కనబడును. ఇది కేవలము తుప్పు కాదు. దీని రహస్యము ఓడల చరిత్రలో దొరకును.

19వ శతాబ్ది చివర వేగముగా తిరుగు ఓడల ప్రొపెల్లర్ల వద్ద నీటిలో ఖాళీలు ఏర్పడుట ఇంగ్లండులోని ఇంజనీర్లు గమనించిరి. ప్రొపెల్లర్ల లోహము గుంటలుపడి తినివేయబడుచుండెను. పీడనము తగ్గినచోట నీరు చిన్న బుడగలుగా ఆవిరియగును. పీడనము మరల పెరుగగనే అవి కూలును. కూలునప్పుడు ఒక్క బిందువు వద్ద వేలకొలది వాతావరణ పీడనము పుట్టగలదని 1917లో లార్డ్ రాలే గణితముతో చూపెను.

లైనరు వద్ద జరుగునదియు ఇదే. పిస్టను అటునిటు తట్టినప్పుడు లైనరు కంపించును. అది వెనుకకు లాగుకొన్న క్షణమున నీటిలో బుడగలు పుట్టును. ముందుకు వచ్చిన క్షణమున కూలును. ఒక్కొక్క దెబ్బ అల్పమే. కోట్లకొలది దెబ్బలు ఇనుమును తొలిచివేయును. ఈ కారణముచేతనే అట్టి ఇంజనుల కూలెంటులో నైట్రైటు వంటి రసాయనములు కలుపుదురు. అవి లోహముపై సన్నని పొర ఏర్పరచి కాపాడును. ప్రతిసారి బావినీరే పోయుచు వచ్చిన లారీకి ఆ కవచము లేదు.

లైనరునకు చిల్లి పడినను, హెడ్డు గాస్కెట్టు చెడినను కొన్ని గుర్తులు కలవు. పొగలో తెల్లని ఆవిరి ఎడతెగక వచ్చును. కందెన నూనె మజ్జిగ రంగుకు తిరుగును. ఇంజను నడుచునప్పుడు రేడియేటరులో బుడగలు లేచును. ఆ వాయువును బ్రోమోథైమాల్ బ్లూ అను నీలి ద్రావకము గుండ పోనిచ్చినచో, అందలి కార్బన్ డయాక్సైడు వలన రంగు ఆకుపచ్చకు, పిమ్మట పసుపుకు మారును. మండిన వాయువు నీటిలోనికి వచ్చుచున్నదనుటకు ఇది సాక్ష్యము.

చోటును గుర్తించుటకు మెకానిక్కు నూనె చాంబరును విప్పి, నీటికి పీడనమెక్కించి, క్రిందినుండి దీపము పట్టి చూచును. చుక్క లైనరు వెలుపలి అంచునుండి రాలినచో క్రింది రబ్బరు రింగు చెడినది. లోపలి గోడ వెంట పిస్టను మీదుగా వచ్చినచో లైనరుకే చిల్లి. మొదటిదానికి రింగుతో తీరవచ్చును. రెండవదానికి కొత్త లైనరు తప్పదు.

ఆలస్యము చేసినచో ఏమగును? రాత్రి నిలిపిన లారీలో నీరు చుక్కచుక్కగా సిలిండరులో చేరును. నీరు గాలివలె అణగదు. ఉదయము ఇంజను తిరుగకున్నచో, నలుగురు నెట్టియో మరియొక లారీతో లాగించియో బలవంతముగా తిప్పినప్పుడు, పిస్టను నీటిని గ్రుద్దుకొని కనెక్టింగు రాడ్డు వంగిపోవును. ఒక రబ్బరు రింగుతో పోవలసిన ఖర్చు ఇంజను ఖరీదుకు చేరును. బాకీ తీరని లారీ యజమానికి ఇది చిన్న దెబ్బ కాదు.

తీరని కల

నీరు లేని ఇంజనును గూర్చిన డీజిల్ కల ఆయనతో అంతరింపలేదు. 1980ల ఆరంభమున అమెరికా సైన్యమును, కమిన్స్ కంపెనీయు కలిసి వేడికి ఓర్చు పూతలు వాడి, 5 టన్నుల ట్రక్కును రేడియేటరు లేకయే నడిపి చూపిరి. కాని అంత వేడికి నిలుచు కందెనలును, పూతలును దొరకుట కష్టమయ్యెను. లారీలకు రేడియేటరు ఉండనే ఉన్నది.

అందుచేత పాత ప్రశ్నయు మిగిలియే ఉన్నది. నీరు తరిగిన ప్రతిసారి పోయుట డ్రైవరు పని. ఎంత పోసినదియు, ఎన్ని కిలోమీటర్లకు పోసినదియు ఒక చీటీపై వ్రాసియుంచినచో, మెకానిక్కుకు సగము పరీక్ష అప్పుడే ముగిసినట్లు. వైద్యునకు రోగి చెప్పు మొదటి మాట వంటిది ఆ చీటీ.