రాయచూరుకు వచ్చిన మద్రాసు వేళ



ఇప్పుడు టైమెంత అని ఎవరైనా అడిగితే మీరు గడియారమో, సెల్‌ఫోనో చూసి చెప్తారు. మన పూర్వీకులు ఆకాశం చూసి చెప్పేవారు. తెలుగులో పొద్దు, కన్నడంలో హొత్తు. రెండు మాటలకూ వేళ అనీ, సూర్యుడనీ అర్థం. ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. రాయచూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మద్రాసులో మధ్యాహ్నం దాటి సుమారు 12 నిమిషాలవుతుంది. బొంబాయిలో మధ్యాహ్నానికి ఇంకా 18 నిమిషాలుంటుంది. ఎడ్లబండ్ల కాలంలో ఈ తేడాతో ఎవరికీ పని పడలేదు.

1871లో పని పడింది. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి గుంతకల్లు మీదుగా వచ్చిన మద్రాసు రైల్వే ఆ ఏడు మన రాయచూరులోనే కలిశాయి. అప్పుడిది నిజాం రాజ్యం. బొంబాయి వేళకూ మద్రాసు వేళకూ తేడా అరగంట. ఒకే లైను మీద ఎదురెదురు బండ్లు నడపాలంటే అన్ని స్టేషన్ల గడియారాలూ ఒకే మాట చెప్పాలి. ఇక్కడ పొరపాటుకు మూల్యం ప్రాణాలే.

మరి ఎవరి మాట వినాలి? మద్రాసు నుంగంబాక్కంలో 1792 నాటి నక్షత్రశాల ఉండేది. అక్కడి జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు వేళ గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందని నిర్ణయించాడు. బొంబాయికీ కలకత్తాకూ నడుమ ఉన్న ఆ వేళే రైల్వే వేళ అయింది. నక్షత్రశాల నుంచి టెలిగ్రాఫ్ తీగల మీద ప్రతిరోజూ సంకేతం వెళ్లేది. దాన్ని బట్టి స్టేషన్లలో గడియారాలు సరిచేసేవారు.

ఇందులో కిటుకేమిటో మన తుంగభద్ర ఎడమ కాలువను చూస్తే తెలుస్తుంది. కాలువ మొదట్లో పొలానికి నీళ్లు ముందు అందుతాయి. చివరి పొలానికి ఆలస్యంగా, అదీ అరకొరగా అందుతాయి. వేళను కూడా ఒక స్టేషన్ పక్క స్టేషనుకు, అది ఆ పైదానికి చెప్పుకుంటూ పోతే చివరికి చేరేది తప్పుడు వేళే. ఒక్కొక్కరి పొరపాటూ కలిసి పెరుగుతుంది. అందుకే ఒకే మూలం నుంచి అందరికీ ఒకేసారి అందాలి. దూరం పోయి నీరసించిన సంకేతానికి రిలే అనే సాధనం మళ్లీ బలమిస్తుంది.

ఈ పాఠాన్నే నేటి కంప్యూటర్ బోర్డు పాటిస్తుంది. అందులో ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు కోట్లసార్లు గంట కొడుతుంది. చాలా చిప్‌లు ఆ గంట వినే పని చేయాలి. బోర్డు మీది తీగలో సంకేతం సెకనులో వందకోట్లవ వంతు కాలానికి సుమారు 15 సెంటీమీటర్లే పోతుంది. ఒక తీగ పొడుగైతే ఆ చిప్ వెనకబడుతుంది, లెక్క తప్పుతుంది. కనుక మధ్యలో బఫర్ అనే చిప్ పెట్టి, ఒక్కొక్కరికి విడి తీగ, అన్నీ సమానమైన పొడుగులో వేస్తారు. దగ్గరి చిప్‌కు పోయే తీగను కావాలనే వంకరలు తిప్పి పొడుగు చేస్తారు. ముందున్నవాడు వెనకున్నవాడి కోసం ఆగడమన్న మాట.

1906 జనవరి 1 నుంచి 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి భారత ప్రామాణిక సమయం వచ్చింది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ పాత వేళను వదలలేదు. ఊరి పొద్దును వదులుకోవడం అంత తేలిక కాదు మరి! ఈనాడు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలతో మన వేళను కాపాడుతోంది.

రేపు మీ పెరట్లో ఒక కర్ర నిలువుగా పాతి చూడండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది 12 గంటలకు కాదు. రోజును బట్టి 12-05కూ 12-35కూ మధ్య ఎప్పుడో. అదీ రాయచూరు సొంత మధ్యాహ్నం. దాన్ని పక్కనపెట్టి అందరి వేళను మనం ఒప్పుకున్నాం గనుకనే బండి క్షేమంగా వచ్చి చేరుతోంది. పిల్లలకు ఈ మాట చెప్పండి, ఆ నీడనూ చూపించండి.

సెలవు.