విద్యుత్ పొదుపు లేబుల్: వినియోగదారుల అవగాహనపై పరిశోధన

ఫ్రిజ్, ఏసీ, గీజర్ లాంటి గృహోపకరణాలపై అంటించే విద్యుత్ పొదుపు లేబుల్‌ను కొనేవారు గమనిస్తున్నారా, గమనిస్తే ఏ అర్థంలో తీసుకుంటున్నారు, ఆ అర్థం వారి ఎంపికను మారుస్తోందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు వెతికే అధ్యయన రంగం ఇది. అర్థశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, మానవశాస్త్రం దీనికి ఆధారాలు. ఈ రంగం చరిత్రలో పదే పదే రుజువైన విషయం ఒకటుంది. లేబుల్‌ను గుర్తుపట్టడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించిన ప్రతిసారీ విధానాలు దారితప్పాయి.

ఆరంభ దశ

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1975లో ఇంధన విధాన, పరిరక్షణ చట్టం చేసింది. దాని ఫలితంగా ‘ఎనర్జీగైడ్’ అనే పసుపు పచ్చ లేబుల్ 1980లో ఉపకరణాల మీదికి వచ్చింది. అంకెలు కళ్లముందుంటే కొనేవారు లెక్క వేసుకుంటారన్నది అప్పటి నమ్మకం. ఆ నమ్మకం ఎంత బలహీనమో విల్లెట్ కెంప్టన్, లారా మాంట్‌గోమరీ 1982లో చూపించారు. కుటుంబాలు విద్యుత్తును యూనిట్లలో కాక నెలవారీ ఖర్చులో, తమకు అలవాటైన కొలతల్లో ఊహించుకుంటాయని వారి అధ్యయనం తేల్చింది. షాజీన్ అత్తారీ బృందం 2010లో 505 మందిని ప్రశ్నించి ప్రచురించిన సర్వే కూడా ఇదే దిశలో సాగింది. ఉపకరణాల వాడకాన్ని, పొదుపును జనం సగటున 2.8 రెట్లు తక్కువగా అంచనా వేస్తున్నారని, విద్యుత్తు ఎక్కువగా వాడే వస్తువుల విషయంలోనే ఈ పొరపాటు పెద్దదని అది తెలిపింది. అంటే లేబుల్ మీది అంకె తనంతట తాను అర్థాన్ని ఇవ్వదు. చదివేవారి మనసులో దానికి సరిపోయే కొలబద్ద ముందే ఉండాలి.

అక్షరాలా, డబ్బులా?

ఐరోపా ఈ లోటును శ్రేణులతో పూడ్చాలని చూసింది. 1992 నాటి ఆదేశం ప్రకారం, 1995 నుంచి ఫ్రిజ్‌లపై ఎ నుంచి జి వరకు ఏడు అక్షరాల రంగుల పట్టీ తప్పనిసరి అయింది. ఇది చూడగానే బోధపడే పద్ధతి. అయితే తయారీదారులు సాంకేతికంగా ముందుకెళ్లే కొద్దీ వస్తువులన్నీ పై తరగతిలోనే పోగుపడ్డాయి. అప్పుడు స్కేలును తిరిగి సరిదిద్దకుండా ఎ+, ఎ++ తరగతులు చేర్చారు, 2010 ఆదేశంతో ఎ+++ కూడా వచ్చింది. స్టెఫానీ హైన్‌జ్లే, రోల్ఫ్ వ్యూస్టెన్‌హాగెన్ జర్మనీలో టీవీల కొనుగోలుపై చేసిన పరిశోధన 2012లో వెలువడింది. పాత ఎ–జి పట్టీతో పోలిస్తే ప్లస్‌ల పట్టీ చూసినవారు విద్యుత్ పొదుపుకు తక్కువ విలువ, ధరకు ఎక్కువ విలువ ఇచ్చారని అందులో తేలింది. ఎ, ఎ+++ రెండూ మంచివిగానే కనిపించినప్పుడు తేడా కోసం ఎవరూ అదనంగా చెల్లించరు. 2017 నిబంధన ప్లస్‌లను తీసివేసింది. 2021 మార్చి నుంచి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, టీవీలు మళ్లీ ఎ–జి పట్టీతో అమ్ముడవుతున్నాయి.

అమెరికాలో చర్చ మరో మలుపు తిరిగింది. జెన్నిఫర్ థోర్న్, క్రిస్టీన్ ఈగన్ 2002 నాటి నివేదికలో నక్షత్రాల శ్రేణిని సిఫారసు చేశారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సొంత పరిశోధన జరిపి, 2007లో ఏడాది వాడకం ఖర్చును డాలర్లలో ముఖ్యంగా చూపాలని నిర్ణయించింది. నక్షత్రాలు పెడితే అప్పటికే వాడుకలో ఉన్న ‘ఎనర్జీ స్టార్’ గుర్తుతో గందరగోళం వస్తుందని అది భావించింది. ఐరోపా శ్రేణి, అమెరికా డాలర్ లెక్క అనే రెండు నిర్ణయాల్లో ఒకటి తప్పు, మరొకటి ఒప్పు అనడం కన్నా, ‘అవగాహన’ అనే మాటకు అవి వేర్వేరు అర్థాలిచ్చాయనడం సబబు. ఏది మెరుగో చెప్పడానికి శ్రేణి చాలు. తన ఇంటికి ఎంత ఖర్చవుతుందో తెలియాలంటే డబ్బు లెక్క కావాలి.

భారతదేశంలో నక్షత్రాలు

బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) 2006 మేలో స్టార్ లేబుల్ పథకాన్ని ప్రారంభించింది. 2010 జనవరి నుంచి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లు, ఏసీలు వంటి కొన్నిటికి దాన్ని తప్పనిసరి చేసింది. ‘ఫైవ్ స్టార్’ ఇప్పుడు దుకాణాల్లో వాడుక మాట. కాని ఆ నక్షత్రాలు సాపేక్షమైనవి. ఫ్రిజ్‌కు రేటింగ్ దాని పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని ఇస్తారు కాబట్టి, పెద్ద ఫైవ్ స్టార్ ఫ్రిజ్ చిన్న త్రీ స్టార్ ఫ్రిజ్ కన్నా ఎక్కువ యూనిట్లు వాడవచ్చు. సిగ్నే వెక్టర్, బెర్నడెట్ సుట్టర్లిన్, మైకేల్ సీగ్రిస్ట్ 2015లో స్విట్జర్లాండ్‌లో గుర్తించిన భ్రమ సరిగ్గా ఇదే. జనం తరగతిని చూసి, వాస్తవ వాడకాన్ని చూడకుండానే వస్తువు పొదుపైనదని తీర్మానించుకున్నారు. కాలంతోనూ నక్షత్రం విలువ మారుతుంది. 2018లో స్ప్లిట్ ఏసీకి 5 నక్షత్రాలు రావాలంటే సీజనల్ సామర్థ్య నిష్పత్తి (సీజన్‌లో ఇచ్చే చల్లదనానికి, వాడే విద్యుత్తుకు మధ్య నిష్పత్తి) 4.5 ఉంటే సరిపోయేది, 2022 జూలైలో దాన్ని 5.0కు పెంచారు. పాత ఫైవ్ స్టార్ ఏసీ కొత్త పట్టికలో ఫోర్ స్టార్‌గా మిగలవచ్చు.

అభ్యంతరాలు

రూపాయల్లో ఖర్చు ముద్రించడం కుదరదని ఒక వాదన ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గృహ విద్యుత్ ధర శ్లాబులను బట్టి పెరుగుతుంది, రాష్ట్రానికో రేటు ఉంటుంది, ఏసీ లేబుల్ లెక్కేమో దేశమంతటికీ ఏడాదికి 1600 గంటలుగా వేస్తారు. ఈ అభ్యంతరంలో బలముంది. అయితే లూకస్ డేవిస్, గిల్బర్ట్ మెట్‌కాఫ్ 2016 ప్రయోగంలో రాష్ట్రాలవారీ ధరలు, వాడకంతో తయారైన లేబుల్ చూసిన అమెరికన్లు తమ పరిస్థితికి తగిన ఏసీని మెరుగ్గా ఎంచుకున్నారు. స్థానిక సమాచారం కష్టమే కాని నిష్ఫలం కాదు. రెండో వాదన మరింత లోతైనది: అర్థమైనంత మాత్రాన జనం కొంటారా? హంట్ ఆల్కాట్, రిచర్డ్ స్వీనీ గీజర్ల అమ్మకాలపై జరిపిన క్షేత్రప్రయోగంలో సమాచారం ఒక్కటే ఇచ్చినప్పుడు అమ్మకాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ధర, ఇంటి యజమాని నిర్ణయం, అమ్మేవారి మాట కూడా ఎంపికను నడుపుతాయి. కాబట్టి అవగాహన ఒక్కటే సరిపోదు. కాని తప్పుగా అర్థమైన లేబుల్ పొదుపు చేయాలనుకున్నవారిని సైతం పక్కదారి పట్టిస్తుంది. ఆ నష్టాన్ని ఏ రాయితీ పూడ్చలేదు.

అందుకే లేబుల్‌ను కొనేవారి చేతికిచ్చి పరీక్షించడం చట్టంలో భాగం కావాలి. ఐరోపా 2017 నిబంధన ఆ దిశగా అడుగు వేసింది. లేబుళ్ల రూపాన్ని, విషయాన్ని అవసరమైన చోట ప్రాతినిధ్య వినియోగదారుల బృందాలతో ముందుగా పరీక్షించాలని అది నిర్దేశించింది.